ఓడ కన్నా ముందు మగ్గం చూపించండి: బానిస వ్యాపారం మీద కథ తీయబోయే తెలుగు సినిమావారికి బహిరంగ లేఖ

దర్శకులకు, నిర్మాతలకు, రచయితలకు, కళా దర్శకులకు, దుస్తుల పని చూసేవారికి నమస్కారం.

ఐరోపా కంపెనీల పెత్తనం, బానిస వ్యాపారం నేపథ్యంగా పెద్ద చారిత్రక కథ తీయాలన్న ఆలోచన మీలో ఎవరికున్నా అది మాకు సంతోషమే. మేం కోరమండల్ తీరపు రేవుల చరిత్ర చదివినవాళ్ళం, కంపెనీల నాటి కాగితాలు తర్జుమా చేసేవాళ్ళం, మగ్గం పనీ పడవ పనీ తెలిసినవాళ్ళం. అందరం కూర్చుని ఈ లేఖ రాస్తున్నాం. ఇవన్నీ స్క్రిప్టు కాగితం మీద ఉండగానే చెప్పాల్సిన సంగతులు. సెట్టు లేచాక చెబితే మీకూ ఉపయోగం లేదు, మాకూ తృప్తి లేదు.

బానిస వ్యాపారం అనగానే అందరికీ ఒకే బొమ్మ కళ్ళ ముందుకొస్తుంది. ఆఫ్రికా తీరం, గొలుసులు, కొరడా, తెల్ల కెప్టెను, సముద్రం అవతల చెరకు తోట. ఆ బొమ్మ అబద్ధం కాదు. పదహారో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాటేదాకా అట్లాంటిక్ ఓడల్లోకి ఎక్కించిన ఆఫ్రికన్లు సుమారు కోటీ పాతిక లక్షల మంది. అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవాళ్ళు సుమారు కోటీ ఏడు లక్షలు. కానీ ఆ బొమ్మలో మన తీరం ఎక్కడా కనిపించదు. మా బాధంతా అదే. ఆఫ్రికాలో మనిషిని కొనడానికి ఇచ్చిన సరుకుల్లో మన నేతగాళ్ళ బట్ట ఉంది. ఆ వ్యాపారం చేసిన దేశాల కంపెనీలే మన రేవుల నుంచి మన మనుషుల్నీ ఓడలెక్కించాయి. ఈ రెండూ వదిలేసి తెలుగులో ఈ కథ తీస్తే, ఇంకెవరో ఎప్పుడో తీసిన సినిమాను మళ్ళీ తీసినట్టే అవుతుంది.

ముందు మనుషుల సంగతి. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. 1605లో మచిలీపట్నంలో, 1610లో పులికాట్‌లో కొట్లు తెరిచింది. పులికాట్ అప్పుడు విజయనగర ప్రభువు వెంకటపతి రాయల రాణి, గొబ్బూరి వారి ఆడపడుచు ఏలుబడిలో ఉండేది. అక్కడ గెల్డ్రియా కోట 1613 నాటికి లేచింది. 1614లో వెంకటపతి రాయలు పోయాడు. జగ్గరాయుడికీ వెలుగోటి యాచమ నాయకుడికీ మధ్య వారసత్వ యుద్ధం మొదలైంది. తోపూరు పోరులో జగ్గరాయుడు చచ్చినా నేల చల్లబడలేదు. దాని మీద కరువు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1621లో, కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జోన్ కూన్ ఇండోనేషియాలోని బందా దీవుల మీద పడ్డాడు. జాజికాయ, జాపత్రి అప్పట్లో లోకానికంతటికీ అక్కడి నుంచే రావాలి. సుమారు 15,000 మంది ఉండేవారనుకునే ఆ దీవుల్లో చివరికి వెయ్యి మంది దాకా మిగిలారని అంచనా. నేలను 68 తోటలుగా విడగొట్టి తనవాళ్ళకు పంచాడు. తోటలున్నాయి, పని చేసే చేతులు లేవు. 1622, 1623 సంవత్సరాల్లో పులికాట్, కడలూరు దగ్గరి దేవనాంపట్నం లాంటి రేవుల నుంచి సుమారు 1,900 మందిని ఓడలెక్కించారు. చేతిలో డబ్బుంటే ఇంకో రెండు వేల మందిని కొనగలిగేవాళ్ళమని ఇక్కడి కంపెనీ ఉద్యోగులు చెప్పుకున్నారు.

ఆ మాట ఒక్కటి చాలు, దాని చుట్టూ కథ అల్లుకోవచ్చు. అందులో కోపం లేదు, అరుపు లేదు. డబ్బు చాలలేదన్న గుమాస్తా విచారం ఉంది. దీపం పెట్టుకుని ఈకకలంతో రాస్తున్న మనిషి, ఎడమ పక్క లవంగాల లెక్క, కుడి పక్క మనుషుల లెక్క, రెండూ ఒకే చేతిరాత. కొరడా దెబ్బకు కళ్ళు మూసుకునే ప్రేక్షకుడు ఈ పేజీ చూపిస్తే కళ్ళు మూసుకోలేడు.

ఇది ఒక్కసారి జరిగి ఆగింది కాదు. 1646లో బటావియాకు, అంటే నేటి జకార్తాకు, 2,118 మందిని తీసుకుపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది దక్షిణ కోరమండల్ వాళ్ళే. 1659, 1661 మధ్య బీజాపూరు సేనలు తంజావూరు సీమను పాడు చేసినప్పుడు ఎనిమిది వేల నుంచి పది వేల మంది సింహళానికీ బటావియాకూ మలక్కాకూ పోయారు. ఇంగ్లీషువాళ్ళూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1687 సెప్టెంబరులో మద్రాసు సెంట్ జార్జి కోట నుంచి 665 మందిని పంపించారు. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది కూడా ఆ నెలలోనే. గోల్కొండ పతనాన్ని మన సినిమాలు ద్రోహం కథగా చెబుతాయి. తలుపు తెరిచిన చెయ్యి ఎవరిదని వెతుకుతాయి. ఆ యుద్ధం, ఆ కరువు కలిసి రేవు దారి పట్టించిన జనం మాత్రం ఏ ఫ్రేములోనూ ఉండరు.

ఇక్కడ రచయితలు జారే చోటు ఒకటుంది. అర్ధరాత్రి గుర్రాల మీద వచ్చి ఊరు తగలబెట్టి మనుషుల్ని ఎత్తుకుపోయే దృశ్యం రాస్తారు. బెంగాలు డెల్టాలో అరకాను, పోర్చుగీసు దోపిడీగాళ్ళు అలాగే చేశారు కాబట్టి అక్కడి కథకు అది సరే. కోరమండల్ తీరంలో ఎక్కువగా జరిగింది వేరు. వాన తప్పుతుంది. బియ్యం ధర లేస్తుంది. ముందు ఇత్తడి సామాను పోతుంది, తరువాత పశువులు, ఆ తరువాత పనిముట్లు. మగ్గం అమ్ముకున్న సాలెవాడికి వాన పడ్డా పని ఉండదు. గింజ ఓడల మీద వస్తుందని రేవు వైపు నడుస్తారు. దారిలో దళారి ఎదురవుతాడు. కొన్నిచోట్ల తల్లిదండ్రులు పిల్లల్ని అమ్మింది ఆకలికి కాదు, అమ్మితే పిల్లకైనా తిండి దొరుకుతుందని. కంపెనీ కొట్టులో గంజి పోస్తారని తెలుసు, ఓడ ఎక్కడికి పోతుందో తెలియదు. ఈ వరస మొత్తం చూపించాలి. బియ్యం ధరను కథలో పాత్రలాగా నడిపించండి. మొదటి సన్నివేశంలో ఒక వరహాకు ఎన్ని కుంచాలో, ఆరు నెలల తరువాత ఎన్నో అంగడివాడి నోట వినిపిస్తే చాలు. దాని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

దళారుల్లో మనవాళ్ళున్నారు. దాచకండి. ఆఫ్రికా తీరంలో కూడా మనుషుల్ని పట్టి రేవుకు తెచ్చింది ఎక్కువగా అక్కడి రాజులూ వర్తకులే. కొన్నిచోట్ల కోట కట్టుకున్న నేలకు ఐరోపావాళ్ళు అక్కడి రాజుకు అద్దె కట్టేవాళ్ళు. అలాగని దీన్ని అడ్డం పెట్టుకుని కంపెనీల తప్పు తేలిక చేస్తే అంతకన్నా పెద్ద అబద్ధం ఇంకోటుండదు. కాంగో రాజు అఫోన్సో 1526లోనే పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాశాడు, వర్తకులు తన మనుషుల్ని, చివరికి తన బంధువుల్ని కూడా పట్టుకుపోతున్నారని, రాజ్యం ఖాళీ అయిపోతోందని. గిరాకీ ఎటు నుంచి వచ్చిందో ఆ ఉత్తరమే చెబుతుంది. మన ఊళ్ళలో అప్పటికే ఉన్న వెట్టి, పాలేరుతనం, దాసీతనం కూడా కప్పిపుచ్చకండి. అవి వేరు, సముద్రం దాటించి అమ్మడం వేరు. తెర మీద రెండూ వేరువేరుగా కనిపించాలి.

ఇక బట్ట. ఈ లేఖలో మేం ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే, ఎందుకంటే దీన్ని ఇంతవరకూ ఎవరూ సరిగా చూపించలేదు.

ఆఫ్రికా తీరంలో మనిషిని నాణేలతో కొన్నది తక్కువ. సరుకుల కలగలుపుతో కొనేవారు. తుపాకులు, మందుగుండు, ఇనుప కడ్డీలు, సారా, మాల్దీవుల గవ్వలు, అన్నిటికన్నా ఎక్కువగా బట్ట. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి ఆఫ్రికాకు పోయిన సరుకు విలువలో సగానికి పైగా బట్టలే, వాటిలో పెద్ద వాటా మన దేశపు నేత. దీని వెనక చట్టం ఒకటుంది. మన అద్దకపు బట్ట ముందు తమ నేతగాళ్ళు నిలవలేకపోతున్నారని ఇంగ్లండు 1700లో దాని దిగుమతిని ఆపింది, 1721లో కట్టుకోవడాన్నే నిషేధించింది. తిరిగి ఎగుమతి చేయడానికి మాత్రం అడ్డు లేదు. ఇంగ్లండులో కట్టకూడని బట్ట ఆఫ్రికా దారి పట్టింది. నూలుబట్టలో ఒక రకానికి పేరే గినీ బట్ట, గినీ అంటే పశ్చిమాఫ్రికా తీరం. పాలకొల్లు, ద్రాక్షారామం, మచిలీపట్నం చుట్టుపక్కల గ్రామాల్లో కంపెనీలు ఎగుమతికి బట్ట కొనేవి. ఆ సాలెవాడికి తన తాను ఎక్కడ విప్పుతారో తెలిసే దారి లేదు.

తెర మీద ఆ పని ఎలా కనిపించాలంటే: ఐరోపా నుంచి ఏ రకం ఎన్ని తానులు కావాలో పట్టీ వస్తుంది. కంపెనీ వర్తకుడు దుబాసీని పిలుస్తాడు, దుబాసి కోమటి, బలిజ సావుకార్లను పిలుస్తాడు, సావుకారు ఊళ్ళో పెద్ద సాలెకు బయానా ఇస్తాడు. బయానా పుచ్చుకున్నాక సాలెవాడు ఇంకొకరికి నేయకూడదు. నూలు ధర లేస్తే ఆ నష్టం వాడిదే. నేసిన బట్ట చాకళ్ళ చేతికి పోతుంది. ఉతికి, ఎండలో పరిచి, తడిపి, మళ్ళీ ఎండబెట్టి తెల్లగా చేయడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. వాన వస్తే అంతా ఆగిపోతుంది. కొట్టులో బల్ల మీద తాను పరిచి నమూనాతో పోల్చి పొడవు, పన్నా, నేత ఒత్తు చూస్తారు. ఒక వేలు పొట్టిగా ఉన్నా ధర కోస్తారు, నాసి అంటే తిరగ్గొడతారు. సలెంపూరు రకమైతే తాను 16 గజాల దాకా ఉంటుంది, లాంగ్‌క్లాత్ దానికి రెట్టింపు దాటుతుంది. లెక్క ఇరవై తానుల చొప్పున కట్టేవారు. ఆ కట్టలు ఓడెక్కి ఆమ్‌స్టర్‌డామ్‌లోనో లండన్‌లోనో వేలానికి పోయి, మళ్ళీ ఇంకో ఓడెక్కి ఎల్మినా లాంటి కోటకు చేరతాయి. నేటి ఘానాలో ఉన్న ఆ కోటను పోర్చుగీసువాళ్ళు 1482లో కట్టారు, 1637లో డచ్చివాళ్ళు పట్టుకున్నారు. అక్కడ ఆఫ్రికా వర్తకుడు తాను విప్పి వేళ్ళతో నలుపుతాడు, నీలిమందు వాసన చూస్తాడు. ఐరోపాలో నేసిన నకలైతే వద్దంటాడు. ఆ వాసన గోదావరి పక్క ఊరి సన్నివేశంలో ఒకసారి పరిచయం చేసి ఉంచితే, ఎల్మినాలో మాట అవసరం లేకుండానే ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

మగ్గం దగ్గర జరిగే పొరపాటు దాదాపు ప్రతిసారీ ఒకటే. సెట్టుకు తెచ్చే చేనేత మగ్గంలో తాడు లాగితే నాడె, అంటే పేక నూలు మోసే కండె, తనంతట తానే పరుగెత్తుతుంది. ఆ రకం 1733లో ఇంగ్లండులో పుట్టింది, మన ఊళ్ళలోకి బాగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. పదిహేడో శతాబ్దపు కథలో నాడె చేతి నుంచి చేతికి పోవాలి. గుంట మగ్గం ఉండాలి, నేతగాడి కాళ్ళు గుంటలో ఉండాలి. శబ్దం కూడా మారుతుంది: టకటకమనే జోరు కాదు, ఆగి ఆగి వచ్చే మెత్తటి దెబ్బ. నేపథ్య సంగీతం చేసేవారికి ఇది ముందే చెప్పండి. మగ్గం ఒక్కటే చూపించి ఊరుకోకండి. ఆడవాళ్ళ రాట్నం, వీధిలో పొడవునా చాచిన పడుగు, దానికి కుంచెతో గంజి పట్టించే మనుషులు లేకపోతే సాలెవీధి సాలెవీధిలా ఉండదు. కలంకారీ చూపిస్తే రంగులు జాగ్రత్త. కరక్కాయ, పటిక, చిరివేరు, నీలిమందు ఇచ్చే ఎరుపూ నీలమూ నిదానంగా ఉంటాయి. రసాయనపు రంగులు 1856కు ముందు లోకంలోనే లేవు.

ఇక రేవు. మన దర్శకులు రేవు అనగానే రాతి కట్ట, దానికి ఆనుకుని ఓడ, ఓడకు నిచ్చెన వేయిస్తారు. కోరమండల్ తీరంలో అలాంటి రేవు లేదు. పులికాట్‌లో, మద్రాసులో, బందరులో పెద్ద ఓడ దూరంగా లంగరు వేస్తుంది. మధ్యలో పోటెత్తే కెరటాలు. వాటిని దాటించేది మసూలా కుట్టు పడవ. దానికి మేకు ఉండదు, పలకల్ని కొబ్బరి తాడుతో కుడతారు, అందుకే అల కొడితే విరక్కుండా వంగుతుంది. తండేలు వెనక నిలబడి కెరటాల లెక్క చూసి అరుస్తాడు, మిగిలినవాళ్ళు పాట మీద తెడ్లు వేస్తారు. సముద్రం ఎన్నడూ చూడని మెట్ట ఊరి పిల్లను ఈ పడవలో కూర్చోబెట్టి మూడు కెరటాలు దాటించారనుకోండి. కథ మొత్తంలో అంతకన్నా భయంకరమైన దృశ్యం మీకు దొరకదు. ఎవరూ ఎవర్నీ కొట్టనక్కర్లేదు.

కాలం కూడా చూసుకోవాలి. ఈశాన్య రుతుపవనం ముంచుకొచ్చే ముందే, అక్టోబరు నడిమికల్లా ఓడలు ఈ తీరం వదిలి వెళ్ళిపోయేవి. నవంబరు తుపానులో బానిసల్ని ఓడ ఎక్కించే దృశ్యం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఏ కెప్టెనూ ఆ పని చేయడు. ఒడ్డున సరుగుడు తోటలు కనబడకూడదు, అవి పంతొమ్మిదో శతాబ్దంలో నాటినవి. సర్కారు తుమ్మా ఆ శతాబ్దపు చివరి రోజులదే. తాటిచెట్లు, మొగలి పొదలు, ఇసుక చాలు. పులికాట్ సరస్సు అంచున అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. పులికాట్, భీమిలి, బందరు డచ్చి సమాధుల మీద చెక్కిన అక్షరాలూ చిహ్నాలూ కళా దర్శకులు దగ్గరికెళ్ళి చూడాలి. పక్కన అమ్ముడుపోయినవాళ్ళకు అలాంటి రాయి ఒక్కటీ లేదు.

ఓడ లోపలికొస్తే, హిందూ మహాసముద్రపు ఓడనూ అట్లాంటిక్ ఓడనూ కలపకండి. ఇక్కడి నుంచి మనుషుల్ని ఎక్కువగా మామూలు సరుకు ఓడల్లో, బియ్యం బస్తాల మధ్యా బట్టల కట్టల మధ్యా తీసుకుపోయేవారు. అట్లాంటిక్ ఓడ ప్రత్యేకంగా అందుకోసమే సిద్ధం చేసింది. అందరికీ తెలిసిన 1788 నాటి బ్రూక్స్ బానిస ఓడ పటంలో 454 మందిని పరిచి చూపించారు. అంతకు ముందు అదే ఓడ ఆరు వందల మందికి పైగా తీసుకుపోయింది. మగవాడికి 6 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు. కింది అంతస్తు ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, దాని నడుమ మళ్ళీ చెక్క అటక. నిటారుగా కూర్చోలేరు. కెమెరా పట్టడం లేదని కప్పు ఎత్తు పెంచడం మొదలుపెడితే అక్కడే సినిమా చెడిపోతుంది. కప్పు పలకలు, పక్క గోడలు ఊడదీసేలా సెట్టు కట్టించుకోండి, కొలత మాత్రం మార్చకండి. మగవాళ్ళ కాళ్ళు ఇద్దరిద్దరికి కలిపి బిగిస్తారు. ఆడవాళ్ళనూ పిల్లల్నీ విడిగా, ఎక్కువగా సంకెళ్ళు లేకుండా ఉంచుతారు. అది దయ కాదు, నావికుల చేతికి అందేట్టు ఉంచడం. దాన్ని ఒళ్ళు చూపించే దృశ్యంగా తీయకండి. తలుపు మూసుకోవడం చాలు. డెక్కు మీద అడ్డంగా చెక్క గోడ, దాని వెనక నుంచి గురిపెట్టిన తుపాకులు, దూకకుండా ఓడ చుట్టూ వల ఉండాలి. తిరుగుబాట్లు ఎక్కువగా ఓడ ఆఫ్రికా తీరం పక్కన నెలల తరబడి సరుకు కోసం ఆగి ఉన్నప్పుడు, ఒడ్డు ఇంకా కనబడుతున్నప్పుడు జరిగాయి. నట్టనడి సముద్రంలో ఓడ చేతికొచ్చినా నడపడం ఎవరికి తెలుసు?

కోర్టు దృశ్యం కావాలంటే జాంగ్ ఓడ కేసు ఉంది. 1781లో 442 మందితో బయలుదేరి, జమైకాను చూసి కూడా దాటిపోయి, నీళ్ళు చాలవన్న సాకుతో నవంబరు 29 నుంచి కొన్ని రోజుల్లో 130 మందికి పైగా బతికున్నవాళ్ళను సముద్రంలోకి తోశారు. లివర్‌పూల్ యజమానులు ఒక్కొక్కరికి 30 పౌండ్ల చొప్పున బీమా అడిగారు. 1783లో విచారణ జరిగింది, హత్య మీద కాదు, బీమా మీద. జ్యూరీ మొదట యజమానుల పక్షానే చెప్పింది. ఆ కబురు బానిసత్వం మీద పోరాడుతున్న గ్రాన్విల్ షార్ప్‌కు మోసుకెళ్ళింది ఒకప్పుడు తానే బానిస అయిన ఒలౌడా ఈక్వియానో. ఎవరి మీదా హత్య కేసు నడవలేదు. ఆ గదిలో పెద్ద డైలాగులు పెట్టొద్దు. గుర్రాల్ని సముద్రంలోకి తోసినట్టే ఇదీనని మామూలు గొంతుతో మాట్లాడుకోవడమే అక్కడి భయంకరం.

భాష సంగతి. తెల్లవాడు వంకర తెలుగు మాట్లాడటం ఇకనైనా మానిపించండి. అప్పటి తీరంలో అందరి మధ్యా నడిచింది పొడిపొడి పోర్చుగీసు. డచ్చివాడూ ఇంగ్లీషువాడూ కూడా బేరానికి అదే వాడేవారు. బటావియాలో మన తీరం నుంచీ బెంగాలు నుంచీ పోయినవాళ్ళు, వాళ్ళ పిల్లలు పోర్చుగీసు యాసలోనే బతికారు. ప్రతి బేరంలో దుబాసి నడుమ ఉంటాడు, తనకు లాభమైనంత మేరకే తర్జుమా చేస్తాడు. ఈ పాత్రను నవ్వులాటకు వాడకండి, కథకు ఇరుసు వాడే. మనవాళ్ళ నోట డచ్చివారు వలందావారు, ఫ్రెంచివారు పరాసులు, పోర్చుగీసువారు పరంగులు. బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అన్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

చిన్న సంగతులు కూడా చెప్పేస్తాం. బ్రిటిషు జెండాలో ఏటవాలు ఎర్ర గీతలు 1801లో చేరాయి. 1687 మద్రాసు కోట మీద అది ఎగిరితే బడిపిల్లలు కూడా నవ్వుతారు. 1620ల సిపాయి చేతిలో ఉండాల్సింది నిప్పుతాడు తుపాకి, చకుముకి తుపాకి కాదు. కూరల్లో టమాటా వద్దు.

ఇప్పుడు కథానాయకుడు. ఒక్కడే గొలుసులు తెంచుకుని ఓడ ముంచేసే కథ మీ మనసులో ఉంటుందని తెలుసు. నిజంగా జరిగినది దానికన్నా గట్టిది. 1766 ఫిబ్రవరిలో మడగాస్కర్ నుంచి కేప్‌కు, అంటే ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న డచ్చి వలసకు, సుమారు 140 మందితో పోతున్న డచ్చి ఓడ మీర్మిన్‌లో, ఓడ మీది వర్తకుడు కొన్న ఈటెల్ని తుడవమని బానిసలకే ఇచ్చాడు. వాళ్ళు తుడిచి, వాటితోనే ఓడ పట్టుకున్నారు. మమ్మల్ని ఇంటికి చేర్చండని మిగిలిన నావికులతో ఒప్పందం చేసుకున్నారు. నావికులు మోసం చేసి ఓడను కేప్ తీరానికే నడిపారు. ఇల్లే అనుకుని కొందరు ఒడ్డుకు వెళ్ళారు, మన ఊరైతే మంటలు వేస్తామన్నారు. మంటలు వేసింది వాళ్ళు కాదు, ఓడ నుంచి సీసాల్లో వదిలిన చీటీలు చదివిన అక్కడి డచ్చి రైతులు. నాయకుల్లో ఒకడైన మసవానా రాబెన్ దీవి చెరలో చచ్చిపోయాడు. ఇందులో గెలుపు లేదు, తెలివి ఉంది, ధైర్యం ఉంది, ఇంటి మీద బెంగ ఉంది. చివర్లో గెలుపు అతికించడానికి ఈ కథను విరవకండి.

ఆఫ్రికన్ పాత్రలకు మనవాళ్ళ ముఖాలకు నల్లరంగు పూయడం ఎంత మాత్రం వద్దు. ఇది విన్నపం కాదు, గట్టిగానే చెబుతున్నాం. హైదరాబాదు ఏసీ గార్డ్స్‌లో, నిజాం ఆఫ్రికన్ అశ్వదళంలో పనిచేసినవారి సంతతి ఇప్పటికీ ఉన్నారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహ్మద్‌నగరు రాజ్యాన్ని నడిపి 1626లో పోయిన మాలిక్ అంబర్‌ది దక్కన్ చరిత్రే. ఆఫ్రికా మనుషుల్ని అమ్మింది ఐరోపావాళ్ళు ఒక్కళ్ళే కాదని అతని జీవితమే చెబుతుంది. ఆఫ్రికా మూలాలున్న మన సిద్దీల్ని గుంపులో నిలబెట్టే మనుషులుగా కాకుండా నటులుగా, సలహాదారులుగా పిలవండి.

కరువు కథ అంటే పిల్లలు ఎక్కువగా ఉంటారు. 2017లో సవరించిన బాల కార్మిక నియమాల ప్రకారం షూటింగుకు కలెక్టరు అనుమతి కావాలి. రోజుకు 5 గంటలు దాటకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు మించకూడదు, వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. అయిదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి, పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేర బ్యాంకులో వేయాలి. వీటికి తోడు మా వైపు నుంచి ఒక మాట. తల్లిని వేరు చేసే దృశ్యంలో పిల్లను నిజంగా భయపెట్టి ఏడుపు రాబట్టకండి. సంకెళ్ళు తేలికైన రబ్బరువి చేయించండి. మూసిన ఓడ సెట్టులో పొగ యంత్రం పెడితే గాలి పోయే దారి, పక్కన డాక్టరు ఉండాలి.

1834 తరువాతి కథ తీసేవారికి ఒక హెచ్చరిక. కోరంగి రేవు నుంచి మారిషస్‌కూ, 1860 నుంచి మద్రాసు మీదుగా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కూ పోయిన తెలుగువాళ్ళు ఒప్పంద కూలీలు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల కోసం వాళ్ళను తీసుకుపోయారు. కష్టం దాదాపు అదే, కానీ కాగితం వేరు, గడువు వేరు, తిరిగొచ్చే హక్కు వేరు. రెంటినీ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే. అన్నట్టు, బ్రిటన్ తన వలసల్లో బానిసత్వం రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. అది బానిసలకు కాదు, యజమానులకు. కంపెనీ ఏలుబడిలోని మన దేశం ఆ చట్టంలో లేనే లేదు. ఇక్కడ 1843 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆధారాలు అందని చోట ఏమీ లేవు. డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లో, చెన్నైలో, జకార్తాలో, కేప్‌టౌన్‌లో ఉన్నాయి. ఒక మంచి తర్జుమాదారుకు ఆరు నెలల జీతం మీ ఒక పాట ఖర్చులో చిన్న ముక్క. ఆ పని షూటింగుకు ఏడాది ముందే మొదలుపెట్టండి.

చివరిగా ఒక్క కోరిక. 1652 నుంచి 1808 దాకా కేప్‌కు తెచ్చిన సుమారు 63,000 మంది బానిసల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంవాళ్ళు. అక్కడి పుస్తకాల్లో వాళ్ళ సొంత పేర్లు లేవు. ఫెబ్రువరీ, సెప్టెంబర్, క్యూపిడో, టైటస్ అని యజమాని పెట్టిన పేరు, దాని పక్కన వాన్ బెంగాలెన్, వాన్ కోరమండల్ అని వచ్చిన చోటు. మీ సినిమాలో కుట్టు పడవ ఎక్కిన ఆ పిల్లకు తెలుగు పేరు పెట్టండి. పులికాట్ ఒడ్డున తల్లి ఆ పేరుతో పిలవాలి. కేప్‌లో గుమాస్తా కొత్త పేరు రాసేటప్పుడు కెమెరా అతని చేతి మీద ఉండాలి. ఆ తరువాత సినిమా అయిపోయేదాకా ఆ పాత పేరు ఎవరి నోటా వినిపించనివ్వకండి.

ఇట్లు,
కోరమండల్ రేవుల చరిత్ర చదివేవాళ్ళం, తర్జుమాదారులం, మగ్గం పని, పడవ పని తెలిసినవాళ్ళం